ప్రశ్నించే గొంతు పదవిలోకి వెళ్తే...

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పక్కనున్న రెజిమెంటల్ బజారులో మంత్రుల పేర్లు అడిగితే తడుముకునేవారు చాలామంది దొరుకుతారు. టీవీలో సాయంత్రం వార్తలు చెప్పేవారి పేరు అడిగితే మాత్రం చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. హోటల్లో చాయ్ తాగుతూ, దుకాణంలో గిరాకీ కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో రొట్టెలు చేసుకుంటూ మనం రోజూ చూసే ముఖం అది. మన నల్లా నీళ్ల గురించి, మోరీల గురించి, రాని స్కాలర్‌షిప్పుల గురించి పెద్దవారిని నిలదీసే గొంతు అది. ఆ గొంతు ఒకరోజు కండువా కప్పుకుని ఓటు అడగడానికి వచ్చినప్పుడు మనం ఏం చేయాలి? దశాబ్దం పైగా తెలుగునాట ఈ ప్రశ్న పదే పదే ఎదురవుతోంది. దీన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

పత్రికలవారు రాజకీయాల్లోకి రావడం మనకు కొత్త కాదు. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఏ పదవీ లేకుండా కలం పట్టుకునే చరిత్రలో నిలిచినవారూ ఉన్నారు. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో ఇదే నగరంలో తాను రాసిన రాతలకు ప్రాణమే ఇచ్చాడు. అయితే ఆనాటి పత్రిక చేరింది చదువుకున్న కొద్దిమందికే. టీవీ అక్షరం రాని అవ్వకు కూడా చేరుతుంది. అందుకే టీవీ జర్నలిస్టు రాజకీయ ప్రవేశాన్ని వేరుగా చూడవలసి ఉంది.

తీన్మార్ నుంచి శాసనమండలికి

తెలంగాణలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ తీన్మార్ మల్లన్న. అసలు పేరు చింతపండు నవీన్ కుమార్. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా సాగుతున్న 2012లో వీ6 ఛానల్ మొదలైంది. అందులో వచ్చిన తీన్మార్ వార్తలు పల్లె మాటలో, ఎకసక్కెంతో, ఏలికలను దెప్పుతూ సాగేవి. తీన్మార్ అనే మాట కూడా మనకు పరాయిది కాదు. పెళ్లి బరాత్‌లలో మర్ఫాల మీద, డప్పుల మీద మోగే మూడు దెబ్బల తాళం అది. అంతవరకూ బుల్లితెర మీద నవ్వులకే పరిమితమైన తెలంగాణ యాసకు వార్తలు చెప్పే హోదా దక్కింది. జనం ఆ మాటలో తమను తాము చూసుకున్నారు.

ఆ గుర్తింపుతోనే ఆయన 2015లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానానికి కాంగ్రెస్ తరఫున పోటీ చేసి ఓడిపోయారు. 2019లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడి అక్కడా ఓడిపోయారు. క్యూ న్యూస్ పేరుతో యూట్యూబ్‌లో సొంత వేదిక పెట్టుకుని నాటి ప్రభుత్వాన్ని ప్రతిదినం విమర్శించారు. 2021లో ఒకసారి, 2023లో మరొకసారి అరెస్టయ్యారు. పోలీసులు తమకు ఫిర్యాదులు అందాయన్నారు. ఆయన అనుచరులు ఇది కక్షసాధింపు అన్నారు. 2021 డిసెంబరులో బీజేపీలో చేరి, దాన్ని విడిచి, 2023 నవంబరులో మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. 2024 ఉపఎన్నికలో అదే పట్టభద్రుల స్థానం గెలిచారు. గెలిచిన ఏడాదిలోపే కుల సర్వే లెక్కలను బహిరంగంగా తప్పుపట్టడంతో పార్టీ 2025 మార్చి 1న సస్పెండ్ చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 17న ఆయన తెలంగాణ రాజ్యాధికార పార్టీని ప్రకటించారు.

దీన్ని కొందరు పార్టీలు మారడం అంటారు. మరికొందరు ఏ పార్టీలోనూ ఇమడని స్వభావం అంటారు. ఎవరి అభిప్రాయం వారిది. మనం గమనించవలసింది ఓట్ల లెక్క.

చూసేవారు వేరు, ఓటేసేవారు వేరు

ఒకే స్థానంలో, ఒకే మనిషికి రెండు ఎన్నికల్లో వచ్చిన ఓట్లు చూడండి. 2021 మార్చిలో ఆయన ఏ పార్టీ లేకుండా పోటీ చేశారు. బరిలో 71 మంది ఉన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లు టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్‌రెడ్డికి 1,10,840, మల్లన్నకు 83,290, తెలంగాణ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన ప్రొఫెసర్ కోదండరామ్‌కు 70,072 వచ్చాయి. ఒక స్వతంత్రుడు పాలకపక్షానికి అంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు. అయినా ఓడిపోయారు.

పల్లా 2023లో జనగామ నుంచి శాసనసభకు ఎన్నికై రాజీనామా చేయడంతో 2024 మేలో ఉపఎన్నిక వచ్చింది. ఈసారి మల్లన్న వెనుక అధికారంలో ఉన్న కాంగ్రెస్ ఉంది. మొదటి ప్రాధాన్య ఓట్లు ఆయనకు 1,22,813, బీఆర్ఎస్ అభ్యర్థి ఏనుగుల రాకేశ్‌రెడ్డికి 1,04,248. మనిషి అతడే, గొంతు అదే, ప్రశ్నలు దాదాపు అవే. మొదటిసారి లేనిది, రెండోసారి ఉన్నది ఊరూరా పనిచేసే పార్టీ యంత్రాంగం. ముఖపరిచయం గెలుపు గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం దాటించింది పార్టీ. పార్టీ దాటించినప్పుడు పార్టీకి బాకీ పడక తప్పదు. ఆ బాకీ తీర్చాలా, పాత అలవాటు ప్రకారం ప్రశ్నించాలా అన్న పెనుగులాటే 2025 మార్చిలో సస్పెన్షన్‌తో ముగిసింది.

ఇతరుల అనుభవమూ ఇలాంటిదే. టీవీ వార్తల్లో పరిచితురాలైన రాణి రుద్రమ 2021లో ఇదే పట్టభద్రుల స్థానానికి యువ తెలంగాణ పార్టీ తరఫున, 2023లో సిరిసిల్ల అసెంబ్లీకి బీజేపీ తరఫున పోటీ చేశారు. రెండుచోట్లా గెలుపు దక్కలేదు. గుజరాత్‌లో టీవీ యాంకర్ ఇసుదాన్ గఢ్వీని 2022లో ఆమ్ ఆద్మీ పార్టీ ఏకంగా ముఖ్యమంత్రి అభ్యర్థిగా ప్రకటించింది. ఆయన తన ఖంభాలియా సీటులోనే ఓడిపోయారు. రాత్రి తొమ్మిది గంటలకు టీవీ ముందు కూర్చునే లక్షల మంది ఒక నియోజకవర్గంలో ఉండరు. అందరూ పోలింగ్ బూత్‌కూ రారు.

ఔరంగాబాదు చెప్పే పాఠం

ముస్లిం పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఔరంగాబాదు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఈ నగరం, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అన్న పేరుతో మహారాష్ట్రలో ఉంది. లోక్‌మత్‌లో, ఆ తర్వాత ఎన్‌డీటీవీలో విలేఖరిగా పనిచేసిన ఇంతియాజ్ జలీల్ 2014లో ఉద్యోగం వదిలి, మన దారుస్సలాం కేంద్రంగా నడిచే మజ్లిస్ పార్టీలో చేరారు. కొద్దికాలానికే ఔరంగాబాద్ సెంట్రల్ నుంచి మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2019లో శివసేనకు చెందిన చంద్రకాంత్ ఖైరేను ఓడించి లోక్‌సభకు వెళ్లారు. ఖైరే అంతకుముందు అక్కడ వరుసగా నాలుగుసార్లు గెలిచిన నాయకుడు.

ఈ విజయాలు చాలా ఇళ్లలో సంతోషం కలిగించాయి. లెక్క మాత్రం జాగ్రత్తగా చూడాలి. 2014లో శివసేన, బీజేపీ, కాంగ్రెస్, ఎన్‌సీపీ నాలుగూ విడివిడిగా పోటీ చేశాయి. శివసేన, బీజేపీ ఓట్లు రెండుగా చీలాయి. 2019లో ఒక స్వతంత్ర అభ్యర్థి 2 లక్షల 80 వేలకు పైగా ఓట్లు చీల్చగా, ప్రకాశ్ అంబేడ్కర్ పార్టీతో పొత్తు వల్ల దళితుల ఓట్లు కొన్ని జలీల్‌కు కలిసివచ్చాయి. అయినా ఆధిక్యం 4,492 ఓట్లే. 2024 వచ్చేసరికి ఆ పొత్తు లేదు. లోక్‌సభలో 1,34,650 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఏడాది నవంబరులో ఔరంగాబాద్ ఈస్ట్ అసెంబ్లీ స్థానంలో కేవలం 2,161 ఓట్ల తేడాతో మళ్లీ ఓడిపోయారు.

టీవీలో సంపాదించిన పేరు ఆయనకు పనికిరాలేదని మేము అనడం లేదు. బాగానే పనికివచ్చింది. గెలిచిన రెండుసార్లూ దానికి తోడు మరొకటి ఉంది: ఎదుటివారి చీలికో, ఇరుగుపొరుగువారితో పొత్తో. 2024లో పొత్తు లేనప్పుడు పేరు ఒక్కటే నిలబెట్టలేకపోయింది. సంఖ్యలో తక్కువగా ఉన్న సమాజానికి ఇది గుర్తుంచుకోదగిన పాఠం. మన గొంతు ఎంత గట్టిగా వినిపించినా, పక్కింటివాడు మనతో కలిసి నడవకపోతే సీటు దక్కదు.

సభలోకి వెళ్లాక ఆయన ఏం చేశారన్నది కూడా చూడాలి. 2023 సెప్టెంబరులో చట్టసభల్లో మహిళలకు రిజర్వేషన్ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు 454 మంది అనుకూలంగా ఓటేశారు. వ్యతిరేకంగా ఓటేసింది ఇద్దరే: అసదుద్దీన్ ఒవైసీ, ఇంతియాజ్ జలీల్. వెనుకబడిన వర్గాల మహిళలకు, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది వారి అభ్యంతరం. దీన్ని మెచ్చుకునేవారూ ఉన్నారు, తప్పుపట్టేవారూ ఉన్నారు. ఒక్కటి నిజం. స్టూడియోలో ఉన్నప్పుడు ఆయన ఇరుపక్షాలనూ ప్రశ్న అడిగి ఊరుకోవచ్చు. సభలో అవునో కాదో చెప్పి, దానికి జీవితాంతం జవాబుదారీ కావాలి. జర్నలిస్టుకూ ప్రజాప్రతినిధికీ తేడా అక్కడే ఉంది.

నామినేషన్ దారి

ఎన్నిక లేకుండా సభలోకి వెళ్లే దారి ఇంకొకటుంది. అది నామినేషన్. ఆ దారి ఎంత మెత్తనిదో హైదరాబాద్‌లోనే చూశాం. 1949 నుంచి వెలువడుతున్న ఉర్దూ దినపత్రిక సియాసత్‌కు చెందిన ఆమిర్ అలీ ఖాన్‌ను, ప్రొఫెసర్ కోదండరామ్‌ను గవర్నర్ కోటాలో మండలికి పంపాలని 2024 జనవరిలో నిర్ణయమైంది. వివాదం కోర్టుకెక్కింది. ఆగస్టులో వారు ప్రమాణం చేశారు. ఏడాది తిరిగేసరికి, 2025 ఆగస్టులో, సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ సభ్యత్వాలు నిలవలేదు. ఆ తర్వాత కోదండరామ్ పేరుతో పాటు మహమ్మద్ అజహరుద్దీన్ పేరును మంత్రివర్గం సిఫారసు చేసింది. వ్యక్తుల అర్హతతో నిమిత్తం లేకుండానే ఇదంతా జరిగింది. ఎవరో ఇచ్చిన కుర్చీ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో కూర్చున్నవారి చేతిలో ఉండదు. ఓటుతో వచ్చిన సీటుకు గడువు తీరేదాకా కాస్త భద్రత ఉంటుంది.

మన బజారు ఏ నియోజకవర్గంలో ఉంది?

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. రెజిమెంటల్ బజారులో డిగ్రీ చదివినవారు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల నియోజకవర్గం కిందికి వస్తారు. టీవీ తెర మీద పేరుపొందినవారిని ఈ నగర పట్టభద్రులు ముందే చూశారు. ఉస్మానియాలో జర్నలిజం బోధించిన, టీవీ చర్చల్లో అందరికీ తెలిసిన ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ 2007లో, మళ్లీ 2009లో హైదరాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి స్వతంత్రుడిగా గెలిచారు. 2015 వరకు మండలిలో ఉన్నారు. 2021లో తిరిగి పోటీ చేస్తే 93 మంది అభ్యర్థుల మధ్య మొదటి ప్రాధాన్య ఓట్లు 53 వేల పైచిలుకే వచ్చాయి. టీఆర్ఎస్ అభ్యర్థి, మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవి గెలిచారు. పెద్ద పార్టీలు ఈ స్థానాల మీద కన్నేశాక స్వతంత్రుడికి చోటు ఇరుకైంది.

తెలంగాణ మండలిలో మొత్తం 40 సీట్లు. పట్టభద్రులకు దక్కేవి మూడే. మండలి ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. అయినా అక్కడి సభ్యుడు ప్రశ్న వేస్తే మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో నిలుస్తుంది. మైనారిటీ గురుకులాల్లో ఖాళీలు ఎన్ని, ఫీజు బకాయిలు ఎంత, ఉర్దూ మాధ్యమ పాఠశాలలకు ఉపాధ్యాయులు ఎప్పుడు వస్తారు? ఈ ప్రశ్నలు టీవీలో అడిగితే మరునాటికి మరచిపోతారు. సభలో అడిగితే దస్తావేజుగా ఉంటాయి.

అయితే ఈ ఓటు దానంతట అది రాదు. మామూలు ఓటర్ల జాబితాలో పేరుంటే చాలదు. పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. కిందటిసారి పేరున్నవారు కూడా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్నికకు ముందు వచ్చే నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి. దరఖాస్తు పేరు ఫారం 18. మన ఇళ్లలో డిగ్రీ చదివి, పెళ్లయి, కొత్త ఇంటికి వెళ్లిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారి సర్టిఫికెట్లు బీరువాలో పడి ఉంటాయి. ఆ సర్టిఫికెట్‌కు ఉద్యోగం దొరకకపోయినా ఒక ఓటు ఉందని వారికి ఎవరూ చెప్పరు. ఈ స్థానం ఆరేళ్ల గడువు 2021 మార్చిలో మొదలైంది. అంటే 2027 మార్చితో తీరుతుంది. మల్లన్న గెలిచిన స్థానం గడువూ అప్పటికే.

ఓటు వేసే తీరు కూడా తెలుసుకోవాలి. ఇక్కడ బటన్ నొక్కడం ఉండదు. బ్యాలెట్ కాగితం మీద, అక్కడ ఇచ్చే పెన్నుతోనే, నచ్చిన అభ్యర్థి ఎదుట 1 అని అంకె వేయాలి. తర్వాత ఇష్టమున్నంతవరకు 2, 3 వేసుకోవచ్చు. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, 1 అంకె వేయకపోయినా ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే అడుగునున్నవారిని తొలగిస్తూ వారి బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యాన్ని మిగతావారికి కలుపుతారు. 2024 ఉపఎన్నికలో పోలైన 3,36,013 ఓట్లలో 25,824 చెల్లలేదు. అందరూ డిగ్రీ చదివినవారే! మొదటి ఇద్దరి మధ్య మొదటి ప్రాధాన్యంలో ఉన్న తేడా కన్నా చెల్లని ఓట్లే ఎక్కువ.

మనం అడగవలసిన ప్రశ్న

చివరగా అసలు విషయం. మల్లన్న రాజకీయం బీసీల రాజ్యాధికారం అన్న నినాదం చుట్టూ తిరుగుతోంది. ఆయన తప్పుపట్టిన ఆ కుల సర్వే వివరాలు 2025 ఫిబ్రవరిలో వెల్లడయ్యాయి. వాటి ప్రకారం రాష్ట్రంలో ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం, బీసీ ముస్లింలు 10.08 శాతం. మొత్తం ముస్లింలు 12.56 శాతం. అంటే రాష్ట్రంలోని ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు బీసీల లెక్కలోకే వస్తారు. దూదేకుల సోదరులు, 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ వర్తించే బీసీ-ఇ వర్గాలు ఇందులో ఉన్నారు. బీసీల లెక్కలో ముస్లింలను చేర్చడాన్ని బీజేపీ వ్యతిరేకించింది. ఇలాంటప్పుడు బీసీల పేరుతో ఎవరు ఓటు అడగడానికి వచ్చినా, మాజీ జర్నలిస్టు కానీ, మరొకరు కానీ, మన ప్రశ్న ఒకటే కావాలి: మీరు చెప్పే బీసీలలో అత్తరు సాయిబు, దూదేకుల కుటుంబం, ఫకీరు ఉన్నారా? ఉంటే మీ టికెట్ల జాబితాలో వారెక్కడ?

ఆ ప్రశ్న అడగడానికి మనకు టీవీ విలేఖరి అక్కరలేదు. ఇన్నాళ్లూ మన తరఫున వారు అడిగారు, మనం చూస్తూ కూర్చున్నాం. అడిగే అలవాటు మనకు తప్పిపోయింది. అడిగేవాడు అటువైపు వెళ్లి జవాబు చెప్పవలసినవాడైతే, అతను వదిలిన కుర్చీ ఖాళీగా ఉండిపోతే, నష్టపోయేది బస్తీయే. తెర మీద చూసిన మనిషి అని నమ్మి ఓటేయడం, తెర మీద చూసిన మనిషి అని అనుమానించి ఓటేయకపోవడం రెండూ తొందరపాటే. ఆయన విలేఖరిగా ఉన్నప్పుడు పెద్దలను ఏ కొలతతో కొలిచారో, అదే కొలతతో ఆయననూ కొలవాలి. ఎన్నిసార్లు సభకు వెళ్లారు, ఏం అడిగారు, ఏ బిల్లుకు ఎటు ఓటేశారు, మన వీధికి ఎన్నిసార్లు వచ్చారు?

మన పెద్దలు ఓటును అమానత్ అంటారు. అమానత్‌ను ఎవరి చేతిలో పెట్టామో తెలిసి ఉంటే చాలదు, అది భద్రంగా ఉందా లేదా అని మధ్యమధ్య అడుగుతూ ఉండాలి. ముందుగా ఇంట్లో డిగ్రీ ఉన్న ప్రతి ఒక్కరి పేరు, కూతుళ్లు కోడళ్ల పేర్లతో సహా, పట్టభద్రుల జాబితాకు ఎక్కించే పని మొదలుపెడదాం. జాబితాలో పేరున్నవాడి ప్రశ్నకే అభ్యర్థి ఆగి జవాబు చెబుతాడు.